వృక్షాలకూ ఇంటిపేర్లున్నవి

శీర్షిక: మొక్కల లోకం

విశాఖపట్నం రేవునుండి ఓడలో బయలుదేరి అండమాన్ దీవులను సమీపించేవారికి నేలకంటె ముందు కనుపించేది అడవి. కొండ శిఖరంనుండి అలల అంచు వరకు ఎడతెగని పచ్చదనం. అండమాన్ నికోబార్ దీవుల వైశాల్యం 8,249 చదరపు కిలోమీటర్లు కాగా, అందులో ఐదింట నాలుగు వంతులకు పైగా అడవియే. ఉద్యోగరీత్యా ఈ దీవులకు వచ్చిన మన సంస్థ కుటుంబాలవారు, వారికి ఎంతో పూర్వమే ఉత్తరాంధ్ర తీరంనుండి వచ్చి స్థిరపడిన తెలుగువారు, ఈ పచ్చదనం నడుమనే నివసిస్తున్నారు. అయినను "ఇది ఏమి చెట్టు?" అని పిల్లలు అడిగినప్పుడు మనలో పెక్కుమంది ఇచ్చే సమాధానం ఒక్కటే: "ఏదో అడవి చెట్టు".

ఈ సమాధానంతో తృప్తి చెందరాదని మేము భావిస్తున్నాము. మన పనిస్థలంలోనికి పరీక్షాపత్రం లేని ఉక్కును రానివ్వము. పేరు, గ్రేడు, బలం తెలియని సరకును వాడము. కాని మన ఇంటి తలుపుకు వాడిన కలప ఏ చెట్టుదో, మన పిల్లలు తీరంలో ఏరుకొనే కాయ ఏ జాతిదో విచారించము. ఈ నెల శీర్షికలో, దీవులలో కనిపించే కొన్ని పుష్పించే మొక్కల కుటుంబాలను గుర్తించే విధానాన్ని, వాటి ఆర్థిక ప్రయోజనాలను పాఠకుల ముందుంచుతున్నాము.

పేర్ల తికమక

దీవులలోని కలప చిట్టా చూచినవారికి "బాదం", "పపీతా" అను పేర్లు తటస్థపడతాయి. ఆ బాదం మనం పాయసంలో వేసుకొనే బాదంపప్పు చెట్టు కాదు. పప్పునిచ్చే బాదం గులాబీ కుటుంబానికి చెందినది. కలపనిచ్చే బాదం మన మద్ది, కరక్కాయల కుటుంబానికి చెందిన టెర్మినేలియా ప్రోసెరా. అట్లే హిందీలో పపీతా అనగా బొప్పాయి. కలప వ్యాపారంలో పపీతా అనగా టెరోసింబియం టింక్టోరియం అను మహావృక్షం. పడౌక్, పైన్మా అను పేర్లు బర్మా భాషనుండి వచ్చినవి. తమిళ, బెంగాలీ, హిందీ, తెలుగు, నికోబారీ భాషలవారు కలసి జీవించే ఈ దీవులలో ఒకే చెట్టుకు నాలుగు పేర్లు, ఒకే పేరుకు నాలుగు చెట్లు ఉండుటలో ఆశ్చర్యం లేదు.

ఈ చిక్కును విప్పుటకే శాస్త్రీయ నామాలు ఏర్పడినవి. స్వీడన్ దేశీయుడైన లిన్నేయస్ 1753లో ప్రకటించిన గ్రంథంలో ప్రతి మొక్కకు రెండు మాటల పేరు స్థిరపరచాడు. మొదటి మాట ప్రజాతి, రెండవది జాతి. ఇది తెలుగువారికి కొత్త పద్ధతి కాదు. మనము ఇంటిపేరు ముందు వ్రాసి, పెట్టిన పేరు తరువాత వ్రాస్తాము. శాస్త్రజ్ఞులు చేసినదీ అంతే. టెరోకార్పస్ అనునది ఇంటిపేరు. డాల్‌బర్జియాయిడిస్, సాంటలైనస్, మార్సూపియం అనునవి పెట్టిన పేర్లు. మొదటిది అండమాన్ పడౌక్, రెండవది మన రాయలసీమ ఎర్రచందనం, మూడవది వేగిస. ఒకే ఇంటిపేరు గల ముగ్గురు అన్నదమ్ములు. ఇటువంటి అనేక ఇంటిపేర్లు కలసి ఒక గోత్రమైనట్లు, అనేక ప్రజాతులు కలసి ఒక కుటుంబమగును. మొక్కలను కుటుంబాలుగా విభజించి 1789లో క్రమబద్ధం చేసినవాడు ఫ్రాన్సు దేశీయుడు జుస్సియా. మా తరంవారు కళాశాలలో చదువుకొన్నది బెంథాం, హుకర్ల వర్గీకరణ. 1998నుండి జన్యుపదార్థ పరిశీలన ఆధారంగా కొత్త వర్గీకరణ అమలులోనికి వచ్చినది. 2016 నాటి దాని నాలుగవ కూర్పులో పుష్పించే మొక్కలను 416 కుటుంబాలుగా విభజించారు.

ఇచ్చట ఒక విశేషం చెప్పక తప్పదు. అండమాన్ పడౌక్‌కు శాస్త్రీయ నామం కూర్చినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఆయన 1793లో కలకత్తా వనానికి వెళ్లక పూర్వం కాకినాడ సమీపంలోని సామర్లకోటలో ఉండి, కోరమాండల్ తీరపు మొక్కలను తెలుగు పేర్లతో సహా నమోదు చేయించాడు. ఆ విధంగా మన గోదావరి తీరపు వృక్షశాస్త్ర పరిశ్రమకు, ఈ దీవుల అడవికి రెండు శతాబ్దాలనాటి బాంధవ్యం కలదు.

ఐదు పరీక్షలు

అడవిలోని చెట్టును గుర్తించుటకు సూక్ష్మదర్శిని అవసరం లేదు. పువ్వు లభించని కాలంలో సైతం ఐదు ప్రశ్నలు వేసుకొన్నచో కుటుంబాన్ని చాలవరకు ఊహింపవచ్చును.

మొదటిది: ఆకులు కొమ్మపై ఎదురెదురుగా జంటలుగా ఉన్నవా, ఒకటి విడిచి ఒకటిగా ఉన్నవా? రెండవది: వేపాకువలె అనేక పత్రకాలు గల సంయుక్త పత్రమా, మామిడాకువలె సరళ పత్రమా? మూడవది: ఆకు తొడిమ మొదట చిన్న పొలుసులవంటి పుచ్ఛాలు ఉన్నవా? నాలుగవది: ఆకు త్రుంచినప్పుడు పాలు వచ్చునా, ఎర్రని రసం వచ్చునా, వాసన ఏమైనా ఉండునా? ఐదవది: చెట్టు క్రింద రాలిన పూలు, కాయలు ఎట్లున్నవి? నాలుగవ పరీక్ష చేయునప్పుడు రసం చర్మానికి, కళ్లకు తగులకుండ జాగ్రత్త వహించవలెను. అందులకు కారణం ముందు వివరించెదము.

చిక్కుడు కుటుంబం (ఫాబేసీ)

కంది, పెసర, మినుము, శనగ, వేరుశనగ, చింత, తుమ్మ, కానుగ వంటివన్నీ ఈ కుటుంబమే. ఆకులు సాధారణంగా సంయుక్తాలు, తొడిమ మొదట పుచ్ఛాలు, ఒకే గది గల కాయ. చిక్కుడు పువ్వులో పైన పెద్ద ధ్వజం, ప్రక్కన రెండు రెక్కలు, క్రింద పడవవలె కలసిన రెండు దళాలు కనిపించును. వేరు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని స్థిరీకరించుట పెక్కు జాతులలో చూడవచ్చును. పైరు మార్పిడిలో మన రైతులు పప్పుధాన్యాలు వేయుటకు అదియే కారణం.

దీవుల రాష్ట్రవృక్షమైన పడౌక్ ఈ కుటుంబపు పెద్దదిక్కు. మాను మొదట గోడలవలె విస్తరించిన ఆధారపు వేర్లు, పసుపు పూలగుత్తులు, చుట్టూ పల్చని అంచు గల గుండ్రని కాయ దీని గుర్తులు. టెరోకార్పస్ అను గ్రీకు మాటకు అర్థమే "రెక్కల కాయ" అని. ఎర్రచందనం కాయ చూచినవారు దీనిని వెంటనే పోల్చగలరు. అయితే ఎర్రచందనంలో సాధారణంగా మూడు పత్రకాలే ఉండగా, పడౌక్‌లో అంతకంటె ఎక్కువ. ఎర్రని చేవ గల ఈ కలప గృహోపకరణాలకు ప్రసిద్ధి పొందినది. 1883లో స్థాపించిన చాథం రంపపు మిల్లునుండి ఇది విదేశాలకు సైతం ఎగుమతి అయినది.

గర్జన్ కుటుంబం (డిప్టెరోకార్పేసీ)

ఈ పేరుకు "రెండు రెక్కల కాయ" అని అర్థం. పువ్వు రాలిన తరువాత ఐదు రక్షకపత్రాలలో రెండు పొడవుగా పెరిగి రెక్కలగును. ఎత్తైన చెట్టునుండి కాయ రాలునప్పుడు ఈ రెక్కలవలన గిరగిర తిరుగుచు నెమ్మదిగా దిగును. గాలి వీచినచో తల్లిచెట్టు నీడను దాటి పడును. పంకా రెక్క వంపును లెక్కగట్టే మా బోటివారికి ఈ కాయ కనులపండువ.

ఆకులు సరళాలు, ఒకటి విడిచి ఒకటిగా ఉండును. ప్రక్క ఈనెలు సమాంతరంగా, స్పష్టంగా కనిపించును. మానుకు గాటు పెట్టినచో సువాసన గల జిగురు కారును. గర్జన్ నూనె అనబడే ఈ జిగురును పడవల అతుకులు పూడ్చుటకు, వార్నిషులకు, కాగడాలకు వాడేవారు. కలప ప్లైవుడ్‌కు, మందు పట్టించిన పిమ్మట రైలు స్లీపర్లకు ఉపయోగపడినది. తెలుగునాట ఈ కుటుంబపు ప్రతినిధులు ఉత్తరాంధ్ర మన్యంలోని గుగ్గిలం చెట్టు, శేషాచలం కొండలలోని జాలారి. మన ఇండ్లలో సాంబ్రాణితోపాటు వేసే గుగ్గిలం ఈ కుటుంబపు జిగురే. గుగ్గిలం కాయకు మూడు పెద్ద రెక్కలు, రెండు చిన్న రెక్కలు. గర్జన్‌కు రెండే పెద్ద రెక్కలు. తేడా ఇంత సులభం.

మద్ది కుటుంబం (కాంబ్రెటేసీ)

కొమ్మల చివర గుంపుగా చేరిన ఆకులు, తొడిమపైనో ఆకు మొదటనో చిన్న గ్రంథులు, రాలిపోవుటకు ముందు ఎర్రబారుట, అండాశయం పువ్వుకు క్రిందుగా ఉండుట దీని లక్షణాలు. కరక్కాయ, తాండ్ర, తెల్లమద్ది, నల్లమద్ది మనకు పరిచితాలు. తోలు పదునుపెట్టుటకు కరక్కాయ, దసలి పట్టుపురుగుల మేతకు మద్ది ఆకు ఉపయోగపడును. తెలంగాణలోని మహాదేవపూర్ ప్రాంతపు దసలి పట్టు ఈ చెట్లపై ఆధారపడినదే. దీవులలో చుగ్లం, బాదం అను కలపలు ఈ కుటుంబమునుండియే లభించును. సముద్రతీరాన గొడుగువలె అంతస్తులుగా పెరిగే నాటు బాదం కూడ వీరి చుట్టమే.

గోంగూర కుటుంబం (మాల్వేసీ)

గృహిణులకు ఈ కుటుంబాన్ని పరిచయం చేయనక్కరలేదు. బెండకాయ తరిగినప్పుడు చేతికి తగిలే జిగటయే దీని చిరునామా. పత్తి, గోంగూర, మందారం, గంగరావి, బూరుగ ఇందులోనివే. మందార పువ్వు నడుమ కేసరాలన్నీ కలసి ఒక గొట్టంగా ఏర్పడి కీలాన్ని చుట్టియుండుట ప్రధాన లక్షణం. బెరడులో నార సమృద్ధి. దీవుల అగ్గిపెట్టెల పరిశ్రమకు మెత్తని కలపనిచ్చిన పపీతా, దీదు అను చెట్లను కొత్త వర్గీకరణ ఈ కుటుంబంలోనే చేర్చినది. పత్తి బట్ట, గోగునార, గోంగూర పచ్చడి, అగ్గిపుల్ల ఒకే గోత్రంనుండి వచ్చినవని పిల్లలకు చెప్పిచూడండి.

పాలు కారే కుటుంబాలు: తప్పక తెలియవలసినవి

ఇక తల్లిదండ్రులందరు శ్రద్ధగా చదువవలసిన భాగానికి వచ్చాము.

దీవుల తీరంలో, మడ అడవుల అంచున, మామిడిని తలపించే ఒక చెట్టు పెరుగును. పొడవైన ఆకులు నిగనిగలాడుచు కొమ్మ చివర గుంపుగా ఉండును. కాయ పచ్చి మామిడికాయ ఆకారంలో వ్రేలాడును. దీనిని సముద్రపు మామిడి అందురు. శాస్త్రీయంగా సెర్బెరా. దీని గింజలోని విషం గుండె లయను దెబ్బతీసి ప్రాణం తీయగలదు. ఇది గన్నేరు కుటుంబానికి (అపోసైనేసీ) చెందినది. మామిడి జీడి కుటుంబానికి (అనకార్డియేసీ) చెందినది. రూపంలో పోలిక ఉన్నను గోత్రాలు వేరు.

రెంటికిని తేడా తెలుసుకొనుట ఇట్లు: సెర్బెరా ఆకు త్రుంచగానే తొడిమనుండి తెల్లని పాలు వచ్చును. మామిడి ఆకు నలిపినచో కర్పూర తైలాన్ని తలపించే మామిడి వాసన వచ్చును కాని తెల్లని పాలు రావు. సెర్బెరా పువ్వు తెల్లగా, పెద్దదిగా, ఐదు రేకులు గాలిమరవలె ఒకే వైపునకు మెలిదిరిగి ఉండును. మామిడి పూత సన్నని గుత్తి. గన్నేరు, నందివర్ధనం పూలలో ఈ మెలిక మీరు రోజూ చూచుచున్నదే. పాలు, మెలితిరిగిన రేకులు రెండును కలసి కనిపించినచో అది గన్నేరు కుటుంబమని అనుమానించి, కాయను నోట పెట్టరాదు. మన కాలనీలలో అందానికి పెంచే పచ్చగన్నేరు కాయ కూడ ఇంతటి ప్రమాదకరమే. పొరపాటున పిల్లలు తిన్నచో నాటువైద్యం చేయక, ఆ కాయను వెంట తీసికొని వెంటనే ఆసుపత్రికి వెళ్లవలెను. విషం ఏ మొక్కదో తెలిసినచో వైద్యునికి సగం చిక్కు తీరును.

ఇదే కుటుంబం ప్రాణదాత కూడ. బిళ్లగన్నేరునుండి తీసిన విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అను మందులు రక్తపు క్యాన్సరు మొదలగు వ్యాధుల చికిత్సకు వాడుచున్నారు. సర్పగంధినుండి రక్తపుపోటును తగ్గించే రిసర్పిన్ లభించినది.

పాలు కారే మరొక కుటుంబం ఆముదపు కుటుంబం (యుఫోర్బియేసీ). ఆముదం, కర్రపెండలం, రబ్బరు ఇందులోనివి. మగ, ఆడ పూలు వేరువేరుగా ఉండుట, కాయ మూడు గదులుగా ఉండుట దీని గుర్తులు. మన సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాల సగ్గుబియ్యం కర్రపెండలం దుంపనుండి తయారగును. నికోబార్‌లోని కచ్చాల్ దీవి రబ్బరు తోటలలో, 1964 నాటి భారత-శ్రీలంక ఒప్పందం ఫలితంగా తిరిగివచ్చిన తమిళ కుటుంబాలకు జీవనోపాధి కల్పించారు. మడ అడవులలో పెరిగే తిల్ల చెట్టు కూడ ఈ కుటుంబమే. దాని పాలు కంటిలో పడినచో చూపు తాత్కాలికంగా పోవు ప్రమాదం కలదు. కోరంగి మత్స్యకారులకు తెలిసిన ఈ జాగ్రత్త దీవులకు కొత్తగా వచ్చినవారికి కూడ తెలియవలెను.

జీడి కుటుంబంలో పాలు లేకున్నను కాటువంటి రసం కలదు. జీడిపప్పు పెంకు నూనె చేతిని కాల్చును. నల్లజీడి రసంతో చాకలివారు బట్టలకు గుర్తులు వేసెడివారు. ఎన్ని ఉతుకులకైనను ఆ గుర్తు పోయేది కాదు. నల్లజీడికి సన్నిహిత బంధువైన సెమికార్పస్ కుర్జీ దీవులలో ఉన్నది. బెరడుపై నల్లగా ఎండిన చారలు కనిపించే చెట్టును ఆనుకొనరాదు.

కనుక ఒక్క సంగతి స్పష్టం చేయదలచాము. గోత్రం ఒక్కటైనంత మాత్రాన గుణం ఒక్కటి కాదు. కంది, గురివింద రెండును చిక్కుడు కుటుంబమే. ఒకటి పప్పు, రెండవది ప్రాణాంతకం. కుటుంబం తెలిసినచో ఏమి వెదకవలెనో, దేనికి జాగ్రత్తపడవలెనో తెలియును. తినదగినదా కాదా అను తీర్పు మాత్రం జాతి నిశ్చయమైన పిమ్మటనే.

జాజికాయ కుటుంబం (మిరిస్టికేసీ)

బెరడుపై గాటు పెట్టినచో రక్తంవలె ఎర్రని రసం, కాయ రెండుగా చీలగానే గింజను చుట్టిన ఎర్రని వలవంటి పొర ఈ కుటుంబపు గుర్తులు. వంటింటి జాజికాయ ఆ గింజ. జాపత్రి ఆ ఎర్రని పొర. దీవుల అడవులలో మిరిస్టికా అండమానికా అను స్వదేశీ బంధువు కలదు. సాగుచేసే జాజికాయను కొబ్బరి, వక్క తోటల నీడలో లవంగం, దాల్చినచెక్క, మిరియాలతోపాటు పెంచుచున్నారు. 1978లో ఇక్కడ ఏర్పడిన కేంద్ర వ్యవసాయ పరిశోధన సంస్థ ఇటువంటి మిశ్రమ తోటలను ప్రోత్సహించినది. ఒకే ఎకరంలో తాటి కుటుంబం పైఅంతస్తున, జాజికాయ నడిమి అంతస్తున, మిరియపు తీగ మానుపైన పెరుగుట చూచినచో, స్థలం కొద్దిగా ఉన్నచోట ఇంజనీరు బహుళ అంతస్తుల కట్టడం నిర్మించుట జ్ఞప్తికి వచ్చును.

ఉప్పుపొన్న కుటుంబం (రైజోఫోరేసీ)

మడ అడవిలో కాళ్లవలె వంగి బురదలో దిగిన ఊతవేర్లు గల చెట్టు ఉప్పుపొన్న. ఆకులు ఎదురెదురు. కొమ్మ చివర మొగ్గను పుచ్ఛాలు సూదివలె కప్పియుండును. దీని విశేషం విత్తనం చెట్టుపైననే మొలకెత్తుట. మునగకాయను పోలిన పచ్చని మొలక తల్లిచెట్టునుండి వ్రేలాడి, పెరిగి, బురదలో గ్రుచ్చుకొని నాటుకొనును, లేదా ఆటుపోట్లతో మరొక తీరానికి చేరును. బెరడులోని టాన్నిన్ తోలు పదునుకు, నూలు వలల కాలంలో వలలకు రంగు పట్టించుటకు ఉపయోగపడినది. కలప గట్టి వంటచెరకు. కాని దాని అసలు విలువ కొలతకు లొంగనిది. చేపపిల్లలకు, రొయ్యపిల్లలకు పొదరిల్లు, తీరానికి అడ్డుకట్ట.

తాటి, మొగలి కుటుంబాలు

కొబ్బరి, వక్క, తాటి, పేము, నైపా ఇవన్నీ తాటి కుటుంబం (అరికేసీ). కొమ్మలు లేని మాను, కొన చివర మట్టల కిరీటం, పూలగెలను కప్పిన పాళ దీని గుర్తులు. నికోబార్ ప్రజల ఆర్థికజీవనం కొబ్బరిపై ఆధారపడినది. దాహానికి నీరు, అమ్మకానికి ఎండుకొబ్బరి, పందుల మేతకు కొబ్బరి ముక్క. బురద కాలువల వెంట పెరిగే నైపా ఆకులతో ఇండ్ల కప్పులు వేయుదురు. అడవిలోని పేముతో కుర్చీలు, బుట్టలు అల్లుదురు.

మొగలి కుటుంబం (పాండనేసీ) తాటికి దూరపు పోలిక. ముళ్ల అంచుగల కత్తివంటి ఆకులు మూడు వరుసలుగా మెలితిరిగి ఉండును. మాను మొదట ఊతవేర్లు. మగ, ఆడ మొక్కలు వేరు. మన స్త్రీలు సిగలో తురుముకొనే మొగలిపువ్వు మగమొక్కది. నికోబార్ దీవులలో మాత్రం ఆడమొక్క పండుకే గౌరవం. పెద్ద పాండనస్ పండును ఉడికించి, గుజ్జు గీకి, ముద్దగా చేసి తిందురు. నికోబారీలకు ఇది సాంప్రదాయికాహారం. గ్రేట్ నికోబార్ అడవిలో నివసించే షోంపెన్ ప్రజలకు ముఖ్యాహారం. మనకు వరి ఎట్టిదో వారికి మొగలి అట్టిది.

లెక్కకు రాని లెక్క

ఇంతవరకు ప్రయోజనాలు చెప్పితిమి. ప్రయోజనం ఉన్నచోట పరిమితి కూడ చెప్పుట ఇంజనీరు ధర్మం.

దీవుల అడవులు శతాబ్దానికి పైగా కలపనిచ్చినవి. ప్రభుత్వరంగంలో 1977లో ఏర్పడిన అటవీ, తోటల అభివృద్ధి సంస్థ కలప కొట్టుట, లిటిల్ అండమాన్‌లో ఆయిల్‌పామ్, కచ్చాల్‌లో రబ్బరు సాగు చేపట్టినది. 2002 మే 7న సుప్రీంకోర్టు సహజంగా పెరిగిన చెట్ల నరికివేతను, దీవివాసుల స్థానికావసరాలకు మినహా, నిలిపివేసినది. కలప ఆదాయం ఆగిన ఆ సంస్థ కోలుకొనలేదు. 2017లో కేంద్ర ప్రభుత్వం దాని మూసివేతకు ఆమోదం తెలిపినది. ప్రభుత్వరంగ సంస్థలో జీతం తీసికొనే మనకు ఆ ఉద్యోగుల ఆవేదన అర్థం కాకపోదు. కాని ఒక గర్జన్ చెట్టు పరిపూర్ణంగా పెరుగుటకు మనిషి ఆయుర్దాయం చాలదు. పెరిగే వేగాన్ని మించి కొట్టిన అడవి మూలధనాన్ని తిన్న సంస్థవంటిది. ఏదో ఒకనాడు పద్దు మూయవలసివచ్చును.

2004 డిసెంబరు 26 నాటి భూకంపం, సునామీ మరొక పాఠం నేర్పినవి. దీవులు ఒకవైపు క్రుంగి మరొకవైపు లేచినవి. ఇందిరా పాయింట్ వద్ద నేల 4 మీటర్లకు పైగా దిగిపోయినది. నికోబార్ తీరపు మడ అడవులు, కొబ్బరి తోటలు ఉప్పునీట మునిగి నశించగా, ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచి కొన్ని మడలు ఆటుపోట్లకు దూరమైనవి. ఉప్పుపొన్న బ్రతుకు ఆటుపోట్ల కొలతపై ఆధారపడినది. ఆ కొలత ఒక మీటరు మారినచో చెట్టు నిలువదు. సంవత్సరాలు గడచిన పిమ్మట కొత్త నీటిమట్టం వద్ద మళ్లీ మొలకలు నాటుకొనుట ఆరంభమైనది. ప్రకృతి మరమ్మతు చేయగలదు, కాని విత్తనమిచ్చు తల్లిచెట్టు ఎచ్చటనో మిగిలియుండవలెను.

ఈ మాట నేడు మరింత జ్ఞాపకముంచుకొనదగినది. గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్కేంద్రం, పట్టణం నిర్మించు పథకానికై 2022 అక్టోబరులో సుమారు 130 చదరపు కిలోమీటర్ల అటవీభూమి మళ్లింపునకు తొలిదశ అనుమతి, నవంబరులో పర్యావరణ అనుమతి లభించినవి. అది దీవి వైశాల్యంలో ఇంచుమించు ఏడవ వంతు. పరిహారంగా పెంచదలచిన అడవికి హర్యానాలో స్థలం చూపారు. మేము నిర్మాణానికి విముఖులము కాము. మన వృత్తియే నిర్మాణము. అయినను సరకు మార్పిడిలో సమాన నాణ్యత గల సరకునే ఇవ్వవలెనని మన ఒప్పందాలన్నిటిలో వ్రాసుకొంటాము. హర్యానా మెట్టనేలపై గర్జన్ రెక్కల కాయ మొలవదు. అచ్చట ఉప్పుపొన్న ఊతవేళ్లు దిగవు. షోంపెన్ కుటుంబం వండుకొనే మొగలి పండు అచ్చట పండదు. చెట్ల సంఖ్య సమానమైనను కుటుంబాలు సమానం కావు. "ఏదో అడవి చెట్టు" అను మాటలోని ప్రమాదం ఇదియే. పేరు లేనిదానిని లెక్కలో అంకెగా మార్చుట సులభం. పేరు తెలిసినదానికి బదులు చెప్పుట కష్టం.

పాఠకులకు ఒక మనవి

2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, భారత వృక్ష పరిశీలన సంస్థ ప్రాంతీయ కేంద్రం 1972నుండి పనిచేయుచున్నది. నయాషహర్ సమీపంలోని ధనికారీ వనంలో ఆ సంస్థవారు దీవుల అరుదైన మొక్కలను పెంచుచున్నారు. సెలవులలో పిల్లలను తీసికొనిపోదగిన చోటు.

ప్రధానభూమిలోని మన కాలనీలవారు కూడ ఆరంభించుటకు అడ్డులేదు. ఒక నోటుపుస్తకం తీసికొని, ఇంటినుండి బడి వరకు గల చెట్లలో పదింటిని ఎన్నుకొని, ఐదు పరీక్షల ఫలితం వ్రాయించండి. పువ్వు త్రుంచనవసరం లేదు, రాలినది చాలును. అమ్మమ్మలు, నాయనమ్మలు పలికే తెలుగు పేరును మొదటి గడిలో వ్రాయించండి. ఆ పేర్లు వారితోనే పోరాదు. తరువాత కుటుంబం, ప్రయోజనం, జాగ్రత్త అను గడులు నింపించండి. పాలు కారే చెట్టు ఎదుట ఎర్ర సిరాతో గుర్తు పెట్టించండి. చేతులు కడుగుకొనుట మరువనీయకండి.

వచ్చే సంచికలో గడ్డి కుటుంబాన్ని గురించి ముచ్చటించుకొందము. వరి, చెరకు, వెదురు, జొన్న ఒకే ఇంటివారని తెలిసినచో, మన కంచంలోని అన్నానికి, పందిటి గుంజకు గల చుట్టరికం బోధపడగలదు.